గ్రేసీ వంతు

మార్చి ఆరో తేదీ గురువారం, ఉదయం పదకొండు దాటాక నా భార్య గ్రేసీ చనిపోయింది. ఆటోనగర్‌లో ఆమె పనిచేసే కంపెనీ ఆఫీసులో, కూలీల హాజరు చూస్తూ ఉండగా తల పక్కకి వాలిపోయిందట. ఆ సమయానికి నేను గాజువాకలో మా బడిలో తొమ్మిదో తరగతికి తెలుగు పాఠం చెబుతున్నాను. ఆసుపత్రికి వెళ్లేసరికి డాక్టరు చెప్పవలసిన మాట బెన్సన్‌కు చెప్పేశారు. బెన్సన్ ఆమె తమ్ముడు. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం, ఉక్కునగరంలో క్వార్టర్. ఆ రోజు అతనిది మధ్యాహ్నం షిఫ్టు కాబట్టి నాకంటే ముందు చేరాడు. నా చేతిలోని సుద్దముక్క తీసి తన జేబులో వేసుకున్నాడు.

మెదడులో రక్తనాళం చిట్లింది. ఆమెకు నలభై ఆరేళ్లు.

ఆమె కథల పుస్తకం అచ్చై వచ్చి అప్పటికి మూడు రోజులు.

పన్నెండు కథలు. అన్నీ కాంట్రాక్టు పనుల్లో ఉన్న ఆడవాళ్ల గురించే. పదిహేనేళ్లు వాళ్ల హాజరు వేసిన మనిషి కాబట్టి వాళ్లలో ఎవరు ఏ రోజు ఎందుకు రాలేదో ఆమెకు తెలుసు. రాసిన ప్రతి కథా ముందు నేను చదివేవాణ్ణి. ఎర్రకలంతో దిద్దేవాణ్ణి. ఆమె సగం దిద్దుబాట్లు ఉంచి సగం కొట్టేసేది.

పుస్తకం వేసినవాడు సాయిశంకర్. శ్రీకాకుళం వైపు రైతుల ఇంటి కుర్రవాడు, రుషికొండలో కంప్యూటర్ ఉద్యోగం. శని, ఆదివారాలు పుస్తకాలు వేస్తాడు. అప్పటికి ఐదు వేశాడు. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు టీ గ్లాసు పక్కన పెట్టి నోట్‌బుక్ తీశాడు. పేజీ మధ్యలో నిలువుగా గీత గీశాడు.

"పుస్తకం ఎయ్యడం నా పని అక్కా. మొయ్యడం ఇద్దరి పనీ," అన్నాడు.

"నాను మొయ్యలేనంటే?" అంది గ్రేసీ.

"అప్పుడు మా ఊళ్లో మంచం కింద ఉంటాది. మా అమ్మ ఆటి మీద ఉల్లిపాయలు ఆరబోసుకుంటాది. ఇప్పటికే ఇద్దరు రచయితల మీద ఆరబోసింది."

గ్రేసీ నవ్వింది. అతను నవ్వలేదు.

"రచయితలకో జబ్బుంటాది. పుస్తకం వచ్చినంతవరకూ రోజూ ఫోన్లు. వచ్చేక నాకు వదిలేసి, ఎంతమంది సదివేరని నన్నే అడుగుతారు. నాకేటి తెలుస్తాది? నాను షాపులో పెట్టగలను, పేపర్లకి పంపగలను, ప్రదర్శనలో బల్ల మీద పరవగలను. సదివించడం మాత్రం నా వల్ల కాదు. ఆ మనుషులు మీకు తెలుసు, నాకు తెలీదు."

గీతకు ఎడమ వైపు తన వంతు రాసుకున్నాడు. సమీక్షకు నాలుగు పత్రికలకు రెండేసి ప్రతులు, పుస్తక ప్రదర్శనలు, ఫేస్‌బుక్, హాలు చూడటం. కుడి వైపు గ్రేసీ వంతు. ఆవిష్కరణ సభకు మాట్లాడేవాళ్లను పిలవడం, యూనియన్ ఆఫీసులు, గ్రంథాలయాలు, చదివినవాళ్లు ఫోన్ చేస్తే మాట్లాడటం. ఆ పనుల కోసం ఆమెకు రెండు వందల ప్రతులు. "ఊరికే పంచిపెట్టడానికి కాదక్కా. ఒక్కోటీ మనిషిని సూసి ఇయ్యాలి. ఇచ్చేక వారం ఆగి, ఎలాగుందని అడగాలి. సిగ్గుపడకూడదు."

"బాలేదంటే?"

"బాలేదన్నోలు దొరికితే పండగే. ఎందుకు బాలేదో పదిమందికి సెప్తారు. ఆ పదిమందిలో నలుగురు సదువుతారు."

అతను వెళ్లాక గ్రేసీ నాతో అంది: "ఎవులో ఒకలు చదివి నాతో దెబ్బలాడితే చాలండి. మీరెలాగూ దెబ్బలాడరు. దిద్దుతారు."



భూస్థాపన అయ్యాక పదకొండో రోజు చర్చిలో ఆదరణ కూడిక, పోయినవారి ఇంటివాళ్లను ఓదార్చే ప్రార్థన. మా వాళ్లలో ఆ రోజు వచ్చినవాళ్లకు ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపడం అలవాటు. పాటల పుస్తకమో, వాక్యం రాసిన క్యాలెండరో. దాని మీద పోయినవారి ఫోటో, తేదీలు ఉంటాయి. ఏమివ్వాలని ఇంట్లో మాట వచ్చినప్పుడు బెన్సన్ అన్నాడు:

"అక్క పుస్తకాలున్నాయి కదా బావా. అయ్యే ఇచ్చేద్దాం. క్యాలెండరు సంవత్సరానికి పారేత్తారు. పుస్తకం ఉంటాది."

మంచి మనసుతో అన్నాడు. నేను ఒప్పుకున్నాను. ఎవరూ బలవంతం చేయలేదు. రెండు వందల్లో పన్నెండు గ్రేసీ తన చేత్తో ఇచ్చింది. నూట ఎనభై ఎనిమిది మిగిలాయి. బెన్సన్ ఫోటో కార్డులు వేయించాడు. నల్ల అంచు, గ్రేసీ ముఖం, 'ప్రభువునందు నిద్రించినది' అన్న మాట, రెండు తేదీలు. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వాళ్ల క్వార్టర్ వరండాలో చాపలు పరిచి అందరం కూర్చుని అంటించాం. పేరు, రచయిత పేరు ఉండే పేజీ మీద కార్డు సరిగ్గా సరిపోయింది. నేనే కొలిచి చూపించాను. ఇరవై ఎనిమిదేళ్లుగా పిల్లలకు పుస్తకం ఎలా తెరవాలో చెబుతున్న మనిషిని. పుస్తకం పేరు మీద ఏది అంటిస్తే పుస్తకం అదే అవుతుందని ఆ రోజు నాకు తోచలేదు.

కూడికలో పాస్టరుగారు పుస్తకం ఎత్తి పట్టుకుని, మన సహోదరి విడిచివెళ్లిన సాక్ష్యం అన్నారు. జనం వరుసగా వచ్చి రెండు చేతులతో అందుకున్నారు. కొందరు కళ్లకు అద్దుకున్నారు. హిందువులైన ఆమె ఆఫీసు ఆడవాళ్లు కూడా వచ్చారు, చెప్పులు విప్పి తీసుకున్నారు. ఒక్కరు కూడా లోపలి పేజీ తిప్పలేదు. భోజనం పొట్లంతో కలిపి సంచిలో పెట్టుకుని వెళ్లారు. గంటలో నూట అరవై ఎనిమిది పుస్తకాలు అయిపోయాయి. సాయిశంకర్ చివరి బెంచీలో కూర్చున్నాడు. అతనికి కూడా ఒకటి ఇచ్చారు. తను వేసిన పుస్తకం తెరిచి, కార్డు చూసి, మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. వెళ్లేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు.

వారం తర్వాత ఇంటికి వచ్చాడు. చాలాసేపు నా బడి గురించి అడిగాడు. ఆపైన అన్నాడు:

"రెండో కథలో పిల్ల ఆ సూపరైజర్ని అమ్మనాబూతులు తిడతాది మాస్టారూ. పాస్టరుగారు దాన్ని సాక్ష్యం అన్నారు."

"ఆయన చదవలేదు."

"అదే నాను సెప్తన్నది. ఇంక ఎవులూ సదవరు. దేవుడి పుస్తకాల పక్కన పెడతారు." ఆగాడు. "తప్పుగా అనుకోకండి. నాను ముందే ఫోన్ సేసి ఉంటే బాగుండేది. ఇల్లు అలా ఉన్నప్పుడు పుస్తకం మాటెత్తడం బాగోదని ఊరుకున్నాను."

తప్పు నాదని చెప్పాను. అతను ఫోన్ తీసి చూపించాడు. గ్రేసీ పోయిన సంగతి, పుస్తకం సంగతి కలిపి అతను పెట్టిన పోస్టు. "తొమ్మిది వందల మంది ఏడుపు బొమ్మ పెట్టారు. పుస్తకం పంపమన్నోలు ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకడు నా ఫ్రెండు."

పుస్తక ప్రదర్శనలో అతని స్టాల్‌కు వచ్చినవాళ్లు కూడా అంతే అన్నాడు. బల్ల మీద పుస్తకం తీస్తారు, వెనక అట్ట చదువుతారు, ఈవిడ ఎవరు అని అడుగుతారు. మొన్ననే పోయారండి అంటాడు. అయ్యో అని మెల్లగా ఎక్కడ తీసింది అక్కడే పెట్టేస్తారు. "పోయేరని సెప్పకుండా అమ్మాలంటే నాకు నోరు రాదు. సెప్తే ఆళ్లు సెయ్యి ఎనక్కి తీసేత్తారు."

నాలుగు పత్రికల్లో ఒకటి నాకు ఫోన్ చేసింది. చక్కటి గొంతు గల అమ్మాయి. ఫోటో, చదువు, పుట్టిన ఊరు, పిల్లలు ఉన్నారా అని అడిగింది. లేరని చెప్పాను. కథలు చదివారా అని అడిగాను. తను చదవలేదని, సమీక్ష వేరే వాళ్లు చూస్తారని, ప్రస్తుతానికి నివాళి వేస్తున్నామని చెప్పింది. ఆదివారం వచ్చింది. పదకొండు పంక్తులు. అందులో కథల గురించి ఒక్క పంక్తి కూడా లేదు. మిగిలిన మూడు పత్రికల నుంచి ఏమీ రాలేదు. సాయిశంకర్ అడిగితే, ఆవిడ గురించి ఇప్పటికే వచ్చేసింది కదండీ అన్నారట.

బెన్సన్ ఆ కత్తిరింపును ఫ్రేము కట్టించి తెచ్చాడు. మేకు ఎక్కడ కొట్టాలని అడిగాడు. వంటింటి గుమ్మం పక్కన చూపించాను.

సాయిశంకర్ గీత గీసి, నోట్‌బుక్‌లోంచి చింపి ఇచ్చిన కాగితం గ్రేసీ బీరువా తలుపుకు లోపల అంటించి ఉంది. ఏప్రిల్‌లో పరీక్ష పేపర్లు దిద్దడం అయ్యాక దాన్ని తీసి బల్ల మీద పెట్టుకున్నాను. హాలు చూడటం తప్ప ఎడమ వైపు పనులన్నీ సాయిశంకర్ చేశాడు. కుడి వైపు పనుల కింద ఆమె తన చేత్తో రాసిన పేర్లు ఉన్నాయి. పన్నెండు పేర్ల పక్కన టిక్కులు. మిగతావి ఖాళీ. ఆ వంతు నేను చేస్తానని సాయిశంకర్‌కు చెప్పాను. ఇది నాకు రాని పని. నేను ఎవరినీ ఏదీ అడగలేను. బడికి విరాళం అడగడానికి వెళ్లినా గుమ్మం దగ్గర నిలబడి వాతావరణం గురించి మాట్లాడి వచ్చేస్తాను. గ్రేసీ దాని మీద నన్ను ఆటపట్టించేది.

ముందు మిగిలిన ఇరవై పుస్తకాల నుంచి కార్డు తీయాలని చూశాను. తడిగుడ్డ వేసి, నానబెట్టి, స్కేలు అంచుతో మెల్లగా లేపాను. కార్డుతో పాటు పుస్తకం పేరు ఊడి వచ్చింది. రెండోదీ అలాగే అయింది. ఆపేశాను.

ఆవిష్కరణ సభలో ప్రధాన ప్రసంగానికి గ్రేసీ ఒప్పించిన మనిషి సూర్యకాంతమ్మగారు. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. సీతమ్మధారలో ఒంటరిగా ఉంటారు. మాటకు మొహమాటం లేని మనిషని పేరు. గ్రేసీ తన చేత్తో ఇచ్చిన పన్నెండులో ఒకటి ఆవిడ దగ్గర ఉంది, కార్డు లేనిది. మే నెల మొదటి వారంలో వెళ్లాను. పుస్తకం బల్ల మీదే ఉంది. అంచుల్లో పెన్సిలు రాతలు.

"చదివారు," అన్నాను.

"రెండుసార్లు. ఆవిడ మంగళవారం ఇచ్చి వెళ్లింది. బుధవారం అంతా చదివి, గురువారం ఫోన్ చేద్దామనుకున్నాను. పొద్దున్నే చేస్తే బాగుండదని మధ్యాహ్నం దాకా ఆగాను." ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మంచి కథలు మాస్టారూ. ఐదు చాలా మంచివి. నాలుగు ఫరవాలేదు. రెండు అక్కర్లేదు. ఒకటి మాత్రం అబద్ధం."

"ఏది?"

"మూడోది. 'పాసు'."

ఏది అని అడగక ముందే నాకు తెలుసు.

ఆ కథలో ఒక హౌస్‌కీపింగ్ కూలీ ఎండలో కళ్లు తిరిగి పడిపోతుంది. మర్నాడు పని మధ్య నీడలో కూర్చోనివ్వమని అడుగుతుంది. ఎదురు మాట్లాడిందని కాంట్రాక్టరు ఆమె గేటు పాసు లాక్కుంటాడు. చివరికి పై అధికారికి సంగతి తెలిసి, తోటి ఆడవాళ్లందరి ముందు పాసు ఆమె చేతిలో పెడతాడు.

"పదమూడు పేజీలు ఊపిరి ఆడనివ్వకుండా రాసి, పద్నాలుగో పేజీలో ఎక్కణ్ణుంచో ఒక దయగల పెద్దమనిషిని తెచ్చింది. ఆ పేజీ ఆవిడ రాసినట్టు లేదు. వాక్యం కూడా వేరేగా ఉంది. నాకు ఒళ్లు మండింది. సభలో దీని మీదే మాట్లాడదామనుకున్నాను."

"మాట్లాడండి. అదే అడగడానికి వచ్చాను. జూన్‌లో సభ పెడదాం."

"ఎలా మాట్లాడతాను? ఆవిడ ఎదురుగా కూర్చుని ఉంటే దెబ్బలాడేదాన్ని. ఆవిడా ఊరుకునే మనిషి కాదు. ఇప్పుడు ముందు వరసలో మీరు, ఆవిడ తమ్ముడు, వెనకాల దండ వేసిన ఫోటో. నేను మైకు ముందు నిలబడి, పోయిన మనిషి అబద్ధం రాసిందని చెప్పనా? నాకూ నోరుంది గాని, అంత నోరు లేదు. పోనీ పొగడమంటారా, పొగుడుతాను. అది మీకు అక్కర్లేదని మీ ముఖం చూస్తే తెలుస్తోంది."

ఆ పద్నాలుగో పేజీ గ్రేసీది కాదు. నాది.

ఆమె రాసిన ముగింపు ఇది. పాసు పోయిన సంగతి ఇంట్లో తెలియకూడదని ఆ మనిషి రోజూ పొద్దున్నే క్యారేజీ కట్టుకుని గేటు దగ్గరికి వస్తుంది. ఎదురుగా బస్‌స్టాపులో కూర్చుంటుంది. షిఫ్టు వదిలాక అందరితో పాటు ఇంటికి వెళుతుంది. మర్నాడు మళ్లీ వస్తుంది. అంతే. అక్కడే కథ ఆగిపోతుంది.

చదివి నేను అన్నాను: ఇలా వదిలేస్తే చదివినవాళ్లకు ఏం మిగులుతుంది? ఒక ఆశ ఉండాలి కదా. మూడు రోజులు వాదించింది. నేను ఎర్రకలంతో ఒక పేజీ రాసి ఇచ్చాను. నాలుగో రోజు దాన్ని తెల్లకాగితం మీద ఎత్తి రాసి నా బల్ల మీద పెట్టింది. "ఇదిగో మాస్టారూ, ఇచ్చేశాను పాసు," అంది. కోపంగా అనలేదు.

ఆశ అని నేను చెప్పిన కారణం నిజం కాదు. ఆ కథ నిజంగా జరిగింది ఆమె పనిచేస్తున్న కంపెనీలోనే. ఆ కథ ఎవరైనా చదివి ఆమె ఉద్యోగానికి ఎసరు పెడతారని భయపడ్డాను. భయమని చెప్పి ఉంటే ఆమె నవ్వి తన ముగింపు తను ఉంచుకునేది. అందుకే సాహిత్యం గురించి చెప్పాను.

సూర్యకాంతమ్మగారికి ఇదంతా అక్కడే చెప్పవలసింది. ఆవిడ కాఫీ తెచ్చారు. తాగి, ఎండల గురించి మాట్లాడి వచ్చేశాను.

దారిలో బస్సులో నుంచి సాయిశంకర్‌కు ఫోన్ చేశాను. ఆవిడ రానన్నారని మాత్రం చెప్పాను.

"పోన్లెండి. ఇంకొకల్ని సూద్దాం. కానీ మాస్టారూ, సదివినోలు ఒక్కలైనా లేకుండా సభ పెడితే అది ఇంకో కూడిక అవుతాది. కుర్చీలేసి, దండేసి, బిస్కట్లిచ్చి పంపడం నా వల్ల కాదు. కూడిక ఒకసారి అయిపోయింది కదా."

ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకోవలసిన మాటే.

ఆ తర్వాత ఆదివారాలు ప్రార్థన అయ్యాక ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టాను. కూడికలో పుస్తకం తీసుకున్నవాళ్ల పేర్లు బెన్సన్ దగ్గర రాయించుకున్నాను. వెళ్లి, కూర్చుని, మంచినీళ్లు తాగి, పుస్తకం చదివారా అని అడిగేవాణ్ణి. ఒక ఇంట్లో అది బైబిలు కింద ఉంది. ఒక ఇంట్లో ప్లాస్టిక్ కవరు వేసి టీవీ పక్కన నిలబెట్టారు. ఒక పెద్దాయన తన భార్య ఫోటో పక్కన పెట్టుకున్నానని, ఇద్దరూ ఒకే ఏడు పోయారని చెప్పి నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఆయన్ను కథల గురించి అడగలేదు. ఎవరూ నన్ను కాదనలేదు. చదువుతాం మాస్టారూ, తప్పకుండా అన్నారు. చదువుతాం అనే మాట ఎలా అంటే చదవరో బడిలో ఉన్నవాణ్ణి కాబట్టి నాకు తెలుసు.

మే చివరి ఆదివారం పెదగంట్యాడ వెనక కాలనీలో రాణి ఇంటికి వెళ్లాను. గ్రేసీ హాజరు వేసిన ఆడవాళ్లలో ఒకామె. పాసు పోయింది ఆమెదే. ఇప్పుడు రొయ్యల కంపెనీలో పొట్టు తీసే పని. వేళ్ల కొసలు నీళ్లలో నాని తెల్లగా ఉన్నాయి. రెండు గదుల ఇల్లు. లోపలి గదిలో దేవుడి గూడు. దాంట్లో అమ్మవారి పటం పక్కన పుస్తకం తెరిచి నిలబెట్టి ఉంది. కార్డు మీది ఫోటోలో గ్రేసీ నుదుటి మీద కుంకుమ బొట్టు. మా ఇంట్లో ఆమె ఏనాడూ బొట్టు పెట్టుకోలేదు.

"కూకోండి మాస్టారూ. ఇల్లు సిన్నది. ఫ్యాను కింద కూకోండి," అని కుర్చీ లాగింది.

"పుస్తకం చదివావా అమ్మా?"

"ఓలమ్మ, సదవడమేటండి. మేడమ్ ఫోటో ఉంది కదా. ఆరం ఆరం దీపం పెడతన్నాను. మైల సేతుల్తో ముట్టుకోనండి, తానం సేసేకే."

"అందులో కథలున్నాయి. ఒకటి నీ గురించి."

ఆమె నా వైపు చూసింది. ఆపైన గూటి వైపు చూసింది.

"నా గురించా? ఏటి రాసింది?"

చదివి వినిపించనా అని అడిగాను. చేతులు కడుక్కుని, పుస్తకం తీసి రెండు చేతులతో ఇచ్చింది. గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చుంది. నేను చదవడం మొదలుపెట్టాను. పిల్లలకు చదివినట్టు, ఆగుతూ చదివాను.

కాంట్రాక్టరు వచ్చే చోట ఆమె పెద్దగా నవ్వింది. "ఆడే, ఆడే. పొట్ట అలాగే ముందుకి తోసుకొస్తాడు. మేడమ్ ఎంత ఇదిగా సూసిందండి. పైకి మాత్తరం గుడ్మాణింగ్ సార్ అనేది."

కళ్లు తిరిగి పడిపోయే చోట నవ్వు ఆపేసింది. "నీల్లు పోసింది సత్యశ్రీ. పేరు మార్చేసింది," అంది. పాసు లాక్కునే చోట మోకాళ్ల మీద గడ్డం ఆనించి కింద గచ్చు చూస్తూ కూర్చుంది. నేను పద్నాలుగో పేజీకి వచ్చాను. అక్కడ ఆపేసి పుస్తకం మూసేయవచ్చు. ఆమెకు తెలియదు. కానీ చదివాను. అన్ని వాక్యాలూ చదివాను.

ఆమె గచ్చు మీంచి తల ఎత్తింది.

"అయిపోనాదా?"

"అయిపోయింది."

"పాసు ఇచ్చేసినాడా?"

"కథలో ఇచ్చాడు."

"ఎవులికి?"

"ఆ మనిషికి."

"ఆ మనిషి నానే అన్నారు కదా."

"అవును."

"మరి నాకియ్యలేదు కదండి." ఆమె గొంతు పెంచలేదు. "నలభై రోజులు గేటు కాడ కూకున్నాను. మా ఇంటాయనకి తెలిస్తే గొడవైపోద్దని. మేడమ్‌కి తెలీదేటి? బోజనాలప్పుడు ఆవిడే బయటికొచ్చి నా పక్కన కూకునేది. నా కేరేజీ ఆవిడ తినేది, ఆవిడది నాకు పెట్టేది. మీ ఇంటి పప్పుచారు ఎన్నిసార్లు తిన్నానో. మరి ఇలాగెందుకు రాసింది?"

నా చేతిలో పుస్తకం ఉంది. వేలు ఇంకా ఆ పేజీలోనే ఉంది.

"ఇది సదివినోలు ఏటనుకుంటారు? పోన్లే, ఇచ్చేసినారు కదా అనుకుంటారు. ఇంక నా గురించి ఎవులడుగుతారు? అబద్దం రాసింది మాస్టారూ మేడమ్. సచ్చిపోయిందని సెప్పకుండా ఊరుకోలేను. బతికుంటే గేటు కాడే అడిగేద్దును."

నేను అప్పుడు చెప్పాలి. ఆ పేజీ మేడమ్ రాయలేదు, నేను రాశాను అని. అంత చిన్న వాక్యం. అందులో కష్టమైన మాట ఒక్కటి కూడా లేదు. నేను దానికి బదులు ఇలా అన్నాను:

"ఈ మాట సభలో చెబుతావా?"

"సభంటే?"

"పుస్తకం గురించి మీటింగు. మైకు ఉంటుంది. నువ్వు ఇప్పుడు అన్నదే అక్కడ అనాలి."

ఆలోచించింది. "నాకేటి బయ్యం, సెప్తాను. మేడమ్‌ని తిట్టినట్టు అవదు కదా?"

"అవదు. ఆమె కోరుకున్నది అదే."

"అయితే వత్తాను. ఆదివారం పెట్టండి. మిగతా రోజులు కంపెనీవోలు వదలరు."

పుస్తకం తిరిగి ఇచ్చాను. గూట్లో పెట్టలేదు. పీట పక్కన కింద పెట్టుకుంది. మిగతావి ఆడపడుచు కూతురి చేత చదివించుకుంటానంది. ఇంకా ఎవరి గురించి ఏం రాసిందో చూడాలంది. నేను లేచేసరికి అట్ట మీద చెయ్యి వేసుకుని, గుమ్మంలోంచి పక్కింటి ఆమెను కేకేస్తోంది. "ఓ సత్యశ్రీ, నువ్వూ ఉన్నావే ఇందులో. నీ పేరు మార్చేసినారు. రా."

ఆ సాయంత్రమే ఫోన్‌లో సాయిశంకర్‌కు చెప్పాను. అవతల కాగితం తీసుకున్న చప్పుడైంది.

"హాలు నాను సూత్తాను. సూర్యకాంతమ్మగారికి మళ్లీ ఫోన్ సెయ్యండి. కత లోపలి మనిషే లేచి అబద్దం అంటే, ఆవిడకింకేటి అడ్డం?" తర్వాత అన్నాడు: "నాకొకటే అర్దం కాలేదు మాస్టారూ. అక్కకి నిజం తెలుసు కదా. అలా ఎందుకు మార్చింది? రెండో ముద్రణలో ఆ ముగింపు తీసేద్దామా అంటే, ఆవిడ లేరు. ఆవిడ రాసిందే ఉంచాలి కదా."

ఉంచాలి అన్నాను.

సూర్యకాంతమ్మగారు ఒప్పుకున్నారు. రాణి తర్వాత మాట్లాడతానన్నారు. ముందు మాత్రం మాట్లాడనన్నారు. సభ జూన్ ఇరవై రెండు ఆదివారం, ఉదయం పది గంటలకు. బెన్సన్ ఆ రోజుకు సెలవు పెట్టాడు. వేదిక మీద దండ వేసిన ఫోటో వద్దని చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. బాధపడ్డాడు. "అక్క సభలో అక్క లేకపోతే ఎలా బావా?" అన్నాడు. చివరికి సరేనన్నాడు.

ఆహ్వానపత్రం అచ్చుకు వెళ్లాలి. సాయిశంకర్ నమూనా పంపాడు. ప్రతి పేరు పక్కన మాట్లాడే విషయం ఉంది. రాణి పేరు పక్కన 'పాసు' అని వేశాడు. నా పేరు పక్కన ఖాళీ వదిలి, రేపటికల్లా చెప్పమన్నాడు. ఆ మాట అని ఇవాళ్టికి నాలుగు రోజులు.

గ్రేసీ రాసిన పాత ముగింపు రెండు పేజీలు నా బడి సంచిలో ఉన్నాయి. వాటిని సాయిశంకర్‌కు ఇంకా ఇవ్వలేదు. పద్నాలుగో పేజీ నాదని రాణికి ఇంకా చెప్పలేదు.